బాడీక్యామ్ హారర్ షూటర్లు: ట్రైలర్‌కి నోరెళ్లబెట్టినవాళ్లే ఆడాక ఎందుకు రెండుగా చీలిపోతున్నారు?

చీకటిదీపం (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. కొంతకాలంగా బాడీక్యామ్ తరహా, అంటే పోలీసుల ఛాతీకి తగిలించిన కెమెరా వీడియోలా కనిపించే హారర్ షూటర్ల రివ్యూలు, ఆటలు అమ్మే స్టీమ్‌లో కూర్చుని చదువుతున్నాను. డెమోలు, ఎర్లీ యాక్సెస్‌లు (పూర్తికాకముందే అమ్మేవి), ఉచిత ప్రోటోటైప్‌లు, ఏది దొరికితే అది ఆడుతున్నాను కూడా. ఎక్కడ చూసినా ఒకటే తంతు. ట్రైలర్ కింద కామెంట్లన్నీ "ఇది గేమా, నిజం వీడియోనా" అనే ఆశ్చర్యమే. ఆట చేతికొచ్చాక మాత్రం జనం నిలువునా చీలిపోతారు. కొందరు "ఇంత భయం ఎప్పుడూ పడలేదు" అంటారు, మిగతావాళ్లు "తల తిరిగింది, డబ్బు వెనక్కి తీసుకున్నా" అంటారు.

2023 ఏప్రిల్‌లో అన్‌రికార్డ్ అనే ఆట ట్రైలర్ వచ్చినప్పటి గొడవ గుర్తుందిగా. ఫ్రాన్స్‌లోని డ్రామా అనే స్టూడియో, ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్ అన్‌రియల్ ఇంజిన్ 5తో చేసింది. నిజమైన వీడియో పెట్టి గేమ్ అని నమ్మిస్తున్నారని జనం పట్టుబట్టారు. చివరికి తయారుచేసినాయన ఇంజిన్ తెరిచి, కెమెరాని ఆ గదుల్లో ఎటు పడితే అటు తిప్పి చూపిస్తూ ఇంకో వీడియో పెట్టాల్సి వచ్చింది. అది హారర్ కాదు, పోలీసు కథ. అయినా ఆ తర్వాత బాడీక్యామ్ పేరుతో ఏది వచ్చినా జనం దాంతోనే పోల్చి చూస్తున్నారు.

నా మాట ముందే చెప్పేస్తాను. ఈ ఆటల్లో కెమెరా ఒక ఆట నియమంగా మారట్లేదు, బొమ్మ మీద వేసిన పూతలాగే ఉండిపోతోంది. దాని వల్ల నేను ఆడే తీరు మారాలి కదా, అది మారట్లేదు. అందుకే మొదటి అరగంట అద్భుతంగా ఉంటుంది, తర్వాత అలసట వస్తుంది. మీకెలా అనిపించింది? ట్రైలర్ మాత్రమే చూసినవాళ్లూ రాయండి, కాకపోతే ఆడలేదన్న సంగతి కూడా రాయండి.

---

గురితప్పనివాడు

నేను ఆడినవాడినే. నాకు పిచ్చిగా నచ్చింది, కారణం బొమ్మ కాదు, తుపాకీ.

మామూలు షూటర్‌లో తెర మధ్యలో క్రాస్‌హెయిర్ (గురి గుర్తు) ఉంటుంది, మౌస్ తిప్పితే ప్రపంచమంతా దాని చుట్టూ తిరుగుతుంది. ఇక్కడ మౌస్ తిప్పితే ముందు చేతులు కదులుతాయి, తర్వాత చూపు వెనకాలే వస్తుంది. తుపాకీ తెర అంచుకి వెళ్లేదాకా కెమెరా పెద్దగా కదలదు. దాంతో గురి పెట్టడం అనేది నిజంగా ఒక పని అవుతుంది. మెట్లు దిగుతూ ఎడమ పక్క తలుపు తెరిచి ఉందని చూశాను. తుపాకీ అటు తిప్పాను, చూపు ఇంకా అక్కడికి చేరలేదు. ఆ అర సెకనులో గదిలో ఏదో కదిలింది. కాల్చాలా వద్దా అని తేల్చుకునేలోపే కాల్చేశాను, గుండు గుమ్మానికి తగిలింది. ఇలాంటి తడబాటు నాకు వేరే ఏ షూటర్‌లోనూ రాలేదు.

పైగా తెర మీద గుళ్ల లెక్క ఉండదు. మ్యాగజైన్ బయటికి తీసి చూసుకోవాలి. చీకట్లో ఆ పని చేస్తుంటే చేతులు నిజంగానే చెమట పట్టాయి.

---

మబ్బుతునక

నాది రెండో వర్గం. డబ్బు వెనక్కి తీసుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను.

భయపెట్టే ఆటలంటే నాకు ప్రాణం, చీకటి గదుల్లో ఒంటరిగా తిరిగే ఆట ఏది వచ్చినా వదలను. కానీ ఈ తరహా ఆట మొదలుపెట్టిన పావుగంటకే కడుపులో తిప్పడం మొదలైంది. నడిస్తే కెమెరా ఊగుతుంది, ఆగితే ఊపిరితో పాటు ఊగుతుంది, గోడల అంచులు వంకర తిరిగి ఉంటాయి. ఆట ఆపేసి పడుకున్నాక కూడా గది ఊగుతున్నట్టే ఉంది. సెట్టింగ్స్‌లో చూస్తే మోషన్ బ్లర్ (కదిలినప్పుడు వచ్చే మసక) తీసేసే మీట తప్ప ఇంకేమీ లేదు. ఊపు తగ్గించే స్లైడర్ లేదు, ఎఫ్‌ఓవీ (తెర మీద ఎంత వెడల్పు కనిపించాలన్నది) మార్చే వీలు లేదు.

రివ్యూల్లో ఈ సంగతి రాస్తే కింద "నీకు హారర్ పడదు" అని సమాధానాలు వచ్చాయి. భయం వేరు, వాంతి వేరు. భయపడటానికే నేను డబ్బు పెట్టాను.

---

పాతతుపాకి

మబ్బుతునక గారూ, మీరు చెప్పింది అక్షరాలా నిజం. దీనికి శరీరంలోనే కారణం ఉంది. కన్ను "కదులుతున్నాం" అని చెబుతుంది, లోపలి చెవిలో సమతుల్యం చూసే భాగం "కూర్చునే ఉన్నాం" అని చెబుతుంది. ఈ రెండూ ఎంత విభేదిస్తే అంత వికారం. ధైర్యానికీ దీనికీ సంబంధం లేదు. మామూలు షూటర్‌లో మన చెయ్యి కదిపినంతే తెర కదులుతుంది కాబట్టి మెదడు ముందే ఊహించుకుంటుంది. బాడీక్యామ్ ఆటలో మనం కదపని కదలిక కూడా తెర మీద జరుగుతుంది. అది ఊహకి అందదు.

---

తెరవెనుక

నేను త్రీడీ పని చేస్తాను, అన్‌రియల్‌లోనే. కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

చీకటిదీపం గారు అడిగిన ప్రశ్నకి సగం జవాబు వీడియో కంప్రెషన్‌లో ఉంది. ట్రైలర్‌ని మనం ఎక్కడ చూస్తాం? ఫోన్‌లో, యూట్యూబ్‌లో. అక్కడ కంప్రెషన్ వల్ల పదునైన అంచులన్నీ మెత్తబడతాయి, చీకటి భాగాలు గడులు గడులుగా కలిసిపోతాయి. గేమ్ బొమ్మలో దొరికిపోయే తప్పులు సరిగ్గా అక్కడే ఉంటాయి: అంచుల్లో మెరిసే చుక్కలు, ఆకుల మీద మినుకులు, నీడల్లో గరుకు. వాటిని కంప్రెషన్ తుడిచేస్తుంది. పైగా నిజమైన బాడీక్యామ్ వీడియోలు కూడా మనకి అలా చెడిపోయిన రూపంలోనే అలవాటు. రెండూ ఒకేలా చెడిపోయి కనిపించేసరికి కన్ను నమ్మేస్తుంది. అదే ఆట ఇంట్లో పెద్ద మానిటర్ మీద, మధ్యలో ఏ కంప్రెషనూ లేకుండా నడుస్తుంటే ఆ దాపరికం పోతుంది. తలుపు హ్యాండిల్ దగ్గరికి వెళ్లి చూస్తే అది గేమ్ హ్యాండిలే.

రెండోది ఫిష్‌ఐ, అంటే అంచులు వంకర తిరిగేలా చూపించే వెడల్పు లెన్స్ రూపం. గేమ్ ఇంజిన్ మామూలుగా గీసే బొమ్మలో సరళరేఖలు సరళరేఖలుగానే ఉంటాయి. ఫిష్‌ఐ కావాలంటే ముందు వెడల్పైన బొమ్మ గీసి, తర్వాత దాన్ని వంచాలి. వంచినప్పుడు మధ్యభాగం సాగుతుంది. అంటే మనం గురి పెట్టి చూసే చోటే పిక్సెళ్లు తక్కువైపోయి మసకబారుతుంది. ఆ మసకని దాచడానికి గ్రెయిన్ (ఇసుక చల్లినట్టు చుక్కలు) వేస్తారు, రంగుల అంచులు విడదీస్తారు. దానిమీద అప్‌స్కేలర్ (చిన్న బొమ్మని పెద్దది చేసే పద్ధతి) కూడా పెడితే చీకట్లో కదిలే వస్తువు వెనక తోకలాంటి జాడ మిగులుతుంది. హారర్ ఆటలో చీకట్లో కదిలేదే కదా ముఖ్యం. దెయ్యం వచ్చిందో, అప్‌స్కేలర్ జాడ మిగిల్చిందో తెలియకపోతే భయం పాడైపోతుంది.

ఇంత చెప్పినా, ఎక్స్‌పోజర్ విషయంలో మాత్రం ఈ ఆటలకి దండం పెడతాను. వెలుతురున్న కారిడార్ నుంచి చీకటి గదిలోకి అడుగుపెట్టగానే తెర మొత్తం నల్లగా ఉంటుంది. కెమెరా సర్దుకోవడానికి క్షణం పడుతుంది. ఆ క్షణంలో ముందు కిటికీ కనిపిస్తుంది, తర్వాత మంచం, చివరగా మూల. ఎదురుగా గోడ మీద ఫ్లాష్‌లైట్ వేస్తే ఆ చోటు తెల్లగా మాడిపోయి, చుట్టూ ఉన్నదంతా మళ్లీ నల్లబడుతుంది. అంటే చూడాలని లైటు వేస్తే ఆ లైటే మిగతాదంతా దాచేస్తుంది. ఇది నిజమైన చవక కెమెరా ప్రవర్తన, దీనికి హారర్‌లో తిరుగులేదు.

---

చీకటిదీపం

తెరవెనుక గారూ, ఆ చివరి పేరా దగ్గరే నా వాదన కూడా ఉంది. ఎక్స్‌పోజర్ వల్ల నేను ఆడే పద్ధతి మారింది. గదిలోకి వెళ్లే ముందు లైటు ఆర్పడం నేర్చుకున్నాను. గుమ్మం దగ్గర ఆగి, కెమెరా సర్దుకునేదాకా కాచుకున్నాను. ఫిష్‌ఐ వల్ల ఏం మారింది? ఏమీ లేదు. గ్రెయిన్ వల్ల? ఏమీ లేదు. మూల మీద కనిపించే తేదీ, సమయం వల్ల? అదీ లేదు. ఆడే పద్ధతి మార్చేవి ఇంకా కావాలి, మార్చనివి స్లైడర్ పెట్టి ఎవరి ఇష్టానికి వాళ్లకి వదిలేయాలి.

---

నిశాచరి

అన్నీ స్లైడర్లే అయితే ఇక బాడీక్యామ్ ఆట ఎందుకండీ? తయారుచేసినవాళ్లకి ఒక ఊహ ఉంటుంది. వంకర తిరిగిన గోడలు చూడగానే నాకు "ఇది ఎవరికో జరిగిపోయింది, నేను తర్వాత చూస్తున్నాను" అన్న భావం వస్తుంది. ఆ మనిషి బతికాడో లేదో తెలియదు. ఆ భావం తీసేస్తే ఇంకో చీకటి కారిడార్ ఆట అవుతుంది, అలాంటివి బోలెడు ఉన్నాయి.

---

మబ్బుతునక

నిశాచరి గారూ, మీకు ఆ భావం కలగాలనే నేనూ కోరుకుంటాను. మీ ఆటలో ఊపు అలాగే ఉంచండి. నా ఆటలో తగ్గించుకునే వీలు ఇస్తే మీకు పోయేదేమీ లేదు. తెర మధ్యలో చిన్న చుక్క పెట్టుకునే వీలు, ఊపిరి ఊపు తగ్గించే స్లైడర్, వంపు తగ్గించే స్లైడర్. ఈ మూడూ ఉంటే నేను ఆట చివరిదాకా ఆడగలను. కదలని ఒక బిందువు కంటికి దొరికితే వికారం తగ్గుతుందని నాలాంటి చాలామంది చెబుతారు.

---

నిశాచరి

చుక్కకి నాకు అభ్యంతరం లేదు. ఊపుకీ లేదు. వంపు ఒక్కదాని దగ్గరే ఆగుతున్నాను. ఆలోచిస్తాను.

---

పాతతుపాకి

ఈ గొడవ కొత్తది కాదు. 2004లో డూమ్ 3 వచ్చినప్పుడు ఇదే జరిగింది. అందులో ఫ్లాష్‌లైట్ పట్టుకుంటే తుపాకీ దించాలి, తుపాకీ ఎత్తితే చీకటి. జనం మండిపడ్డారు. "ఒక టేపు ముక్క వేసి తుపాకీకి లైటు కట్టుకోలేరా" అని, నిజంగానే ఆ పేరుతోనే ఒక మోడ్ (ఆటకి ఆటగాళ్లే చేసుకునే మార్పు) చేసేశారు. అది విపరీతంగా పాకింది. చివరికి 2012లో వచ్చిన బీఎఫ్‌జీ ఎడిషన్‌లో తయారీదారులే లైటుని కవచానికి తగిలించేశారు, తుపాకీతో పాటే వాడుకోవచ్చు.

నేను రెండూ ఆడాను. కొత్తది హాయిగా ఉంది. భయం మాత్రం పాతదానిలోనే. ఆ ఇబ్బందే ఆట. మీరు చెప్పే "నియమం" అంటే ఇదే అనుకుంటాను, చీకటిదీపం గారూ. చూడాలా, కాల్చాలా అని ప్రతి గదిలో అడిగింది. బాడీక్యామ్ ఆటలు ప్రతి గదిలో ఏం అడుగుతున్నాయి?

ఇంకోటి, 2013లో వచ్చిన అవుట్‌లాస్ట్. అక్కడ చేతిలో క్యామ్‌కార్డర్ ఉంటుంది, ఆయుధం ఉండదు. చీకట్లో చూడాలంటే నైట్ విజన్ వేయాలి, వేస్తే బ్యాటరీ కరుగుతుంది. కెమెరా ఎత్తాలా దించాలా అన్నది మన చేతిలో ఉంది. బాడీక్యామ్ ఛాతీకి తగిలించి ఉంటుంది. దించలేం, ఎత్తలేం, ఆపలేం. ఆటగాడికి కెమెరాతో చేయడానికి పనే లేకుండా పోయింది. అందుకే అది పూతగా మిగిలిపోతోంది అని నా లెక్క.

---

గురితప్పనివాడు

అన్నా, ఈ పోస్టు చదివాక నాకు ఒకటి తట్టింది. నాకు తుపాకీ నచ్చిందని రాశాను కదా. అది కెమెరా గొప్ప కాదు. తుపాకీ, చూపు విడివిడిగా కదలడం రిసీవర్‌లాంటి ఆటల్లో, ఆర్మాలో ఎప్పటినుంచో ఉన్నదే. 2012 రిసీవర్‌లో అయితే మ్యాగజైన్ తీయడం, గుండు పెట్టడం, స్లైడ్ లాగడం, ఒక్కోదానికి ఒక్కో మీట. బాడీక్యామ్ రూపం తీసేసినా ఆ తడబాటు మిగిలే ఉంటుంది.

కానీ ఒక్క మాట. ఆ తుపాకీ ఆటని లక్షలమంది దగ్గరికి తెచ్చింది ఈ రూపమే. రిసీవర్ గురించి ఎంతమందికి తెలుసు?

---

బుల్లెట్‌రాణి

నేను ఎక్కువ మల్టీప్లేయర్ ఆడతాను కాబట్టి ఆ వైపు సంగతి చెబుతాను. బాడీక్యామ్ అనే పేరుతోనే ఒక ఆట 2024 జూన్‌లో ఎర్లీ యాక్సెస్‌కి వచ్చింది, రెయిసాద్ స్టూడియో, ఫ్రాన్స్‌లో ఇద్దరు కుర్రాళ్లు మొదలుపెట్టింది. పెద్ద స్టూడియోలు కూడా అసూయపడే బొమ్మ. తర్వాత జాంబీల మోడ్ కూడా కలిపారు.

మనుషుల మీద మనుషులు ఆడే ఆటలో ఈ రూపం వేరేగా పనిచేస్తుంది. ఎదుటివాడు ఏ మూల దాక్కున్నాడో కనిపించదు, కాబట్టి కదలకుండా కూర్చున్నవాడిదే గెలుపు. గెలవాలనుకునేవాడు గ్రెయిన్ తీసేస్తాడు, వెలుతురు పెంచేస్తాడు, గామా ఎక్కిస్తాడు. అందరూ అలా చేసేసరికి ఆ భయంకరమైన బొమ్మ ట్రైలర్‌లోనే మిగిలిపోతుంది. హారర్‌కి ఒక్కడే ఆడే ఆట, లేదా నలుగురు కలిసి జాంబీల మీద ఆడేదే సరిపోతుంది. గెలుపు కోసం చీకటిని ఓడించాల్సిన అవసరం ఉన్నచోట చీకటి నిలవదు.

---

కొత్తప్లేయర్07

నేను ట్రైలర్లే చూశాను, ఆడలేదు. ఒక ప్రశ్న. మనుషుల్ని కాల్చే బాడీక్యామ్ ట్రైలర్ చూసినప్పుడు నాకు చాలా ఇబ్బందిగా అనిపించింది, వార్తల్లో చూసే వీడియోలా ఉంది. రాక్షసుల్ని కాల్చేది చూస్తే అలా లేదు. నాకొక్కడికేనా?

---

నిశాచరి

మీకొక్కరికే కాదు. అన్‌రికార్డ్ ట్రైలర్ కింద కూడా జనం ఇదే చర్చించారు. నిజమైన పోలీసు కాల్పుల వీడియోలు చూసిన కళ్లకి అది వినోదంలా ఎలా కనిపిస్తుందని చాలామంది అడిగారు. స్టూడియో కూడా దానిమీద వివరణ ఇచ్చింది.

నా మటుకు నాకు, బాడీక్యామ్ వీడియో అనగానే గుర్తొచ్చేది ఎవరిదో చావు. ఆ రూపాన్ని వాడుకునే ఆట ఆ బరువుని మోయాలి. ఎదురుగా వచ్చేవాడు చేతులెత్తేస్తే కాల్చకుండా ఉండే వీలు ఉండాలి. పొరపాటున అమాయకుణ్ణి కాలిస్తే ఆట దాన్ని పట్టించుకోవాలి. హారర్‌లో రాక్షసుణ్ణి పెట్టేసి ఆ ప్రశ్న నుంచి తప్పించుకుంటున్నారు. అందుకే ఇబ్బంది లేదు. కానీ అందుకే కొన్నిసార్లు బరువు కూడా లేదు.

---

తెరవెనుక

రాక్షసుడితో ఇంకో సమస్య ఉంది. గదులు ఫొటోల నుంచి తీసిన అచ్చమైన వస్తువులతో నిండి ఉంటాయి. పెచ్చులూడిన గోడ, తుప్పు పట్టిన పైపు, తడి నేల, అన్నీ నిజమే అనిపిస్తాయి. అందులోకి రాక్షసుడు అడుగుపెడతాడు, వాడి కాలు నేల మీద జారుతుంది. అడుగు పడే చోటికీ, పాదం ఆగే చోటికీ పొంతన ఉండదు. గుండు తగిలితే ఎప్పుడూ ఒకే తీరుగా తూలుతాడు. గది ఎంత నిజంగా ఉంటే ఆ కదలిక అంత అబద్ధంగా కనిపిస్తుంది. పాత ఆటల్లో గదీ రాక్షసుడూ ఒకే స్థాయిలో ఉండేవి కాబట్టి ఈ తేడా తెలిసేది కాదు.

చిన్న జట్లకి గదులు చేయడం ఇప్పుడు తేలికైంది, స్కాన్ చేసిన వస్తువుల లైబ్రరీలు దొరుకుతాయి. మంచి యానిమేషన్ మాత్రం ఇప్పటికీ మనుషుల శ్రమే, ఖర్చే. రివ్యూల్లో "మాన్‌స్టర్ కనిపించగానే భయం పోయింది" అని పదేపదే కనిపించే మాటకి అసలు కారణం ఇది.

---

బుల్లెట్‌రాణి

అవును. 2023లో ఉచితంగా వచ్చిన డెపార్ట్ ప్రోటోటైప్ లాంటి చిన్నవాటిని జనం నెత్తిన పెట్టుకోవడానికి కూడా ఇదొక కారణం అనుకుంటా. అది చిన్నది. బొమ్మ మీద మోజు తీరేలోపు ఆట అయిపోతుంది.

---

చీకటిదీపం

రివ్యూల లెక్క ఎలా నడుస్తుందో కూడా ఇక్కడ చూడాలి. స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటల లోపు ఆడి ఉంటే డబ్బు వెనక్కి ఇస్తారు. రివ్యూల్లో 70 నుంచి 79 శాతం మెచ్చుకుంటే "మోస్ట్‌లీ పాజిటివ్", 40 నుంచి 69 అయితే "మిక్స్‌డ్". ఇలాంటి ఆటల కింద కోపంగా ఉన్న రివ్యూలు తెరిచి చూడండి, చాలావాటి పక్కన ఆడిన సమయం రెండు గంటల లోపే ఉంటుంది. అంటే అవి మొదటి గదుల మీద, ఫ్రేమ్ రేట్ మీద, వికారం మీద రాసినవి. కథ, ముగింపు, రాక్షసుడి తెలివి గురించి రాసేది మిగిలినవాళ్లు. ఒకే ఆట మీద రెండు వర్గాలూ రెండు వేర్వేరు విషయాల గురించి రాస్తున్నాయి. శాతం మాత్రం ఒక్కటే వస్తుంది.

కాబట్టి ఊపు తగ్గించే స్లైడర్ పెట్టకపోతే దెబ్బ తగిలేది తయారీదారుకే. ఆట గురించి చెప్పగలిగే మనిషి అక్కడిదాకా రాకముందే వెళ్లిపోతున్నాడు.

---

నిశాచరి

సరే, వంపు స్లైడర్‌కీ ఒప్పుకుంటున్నాను. మొదటిసారి ఆట తెరిచినప్పుడే అడగాలి, సెట్టింగ్స్‌లో ఎక్కడో దాచకూడదు.

---

మబ్బుతునక

చాలా థ్యాంక్స్ అండీ. ఆ మొదటి తెర మీద అడగడం అన్నది నేను ఆలోచించలేదు, అదే సరైన చోటు. వికారం మొదలయ్యాక సెట్టింగ్స్ వెతుక్కునే ఓపిక ఎవరికీ ఉండదు.

---

రికార్డుగది

ఈ చర్చ మొత్తం చదివాను. నా ఉద్యోగంలో భాగంగా నిజమైన బాడీక్యామ్ వీడియోలు చాలా చూడాల్సి వస్తుంది. ఆ అనుభవంతో ఒక్క సంగతి చెబుతాను: ఆటలు పట్టుకున్నది బొమ్మని. నిజమైన వీడియోల్లో మనిషిని కుదిపేది శబ్దం.

చాలాచోట్ల పోలీసులు వాడే ఆక్సాన్ కంపెనీ కెమెరాల సంగతి తీసుకోండి. అవి ఎప్పుడూ వెనక రికార్డు చేస్తూనే ఉంటాయి. మీట నొక్కగానే అంతకుముందు కొంత భాగం కూడా ఫైల్‌లో చేరుతుంది. మామూలు సెట్టింగ్‌లో అది 30 సెకన్లు, ఆ భాగానికి శబ్దం ఉండదు. అంటే వీడియో మొదలైనప్పుడు మనిషి పరిగెడుతుంటాడు, నోరు కదులుతుంది, ఎదుటివాళ్లు చేతులు ఊపుతుంటారు, ఏమీ వినపడదు. తర్వాత ఒక్కసారిగా బీప్, ఆ వెంటనే అరుపులు, ఊపిరి, రేడియో, అన్నీ కలిసి మీద పడతాయి. ఎన్ని చూసినా ఆ చోట నేను ఉలిక్కిపడతాను.

ఇంకోటి, తుపాకీ పేలితే ఆ చిన్న మైకు తట్టుకోలేదు. సినిమాలో వినిపించే గంభీరమైన శబ్దం రాదు. చెక్క మీద కొట్టినట్టు పొడిగా ఒక దెబ్బ, తర్వాత క్షణంపాటు అన్ని శబ్దాలూ అణిగిపోతాయి. ఆటల్లో మాత్రం చుట్టూ స్పీకర్లు పెట్టి, ఏ మూల నుంచి అడుగు వినపడిందో కచ్చితంగా తెలిసేలా చేస్తున్నారు. కెమెరాకి చవక మైకు అయినప్పుడు చెవులకి అంత ఖరీదైన వినికిడి ఎలా వస్తుంది?

---

పాతతుపాకి

రికార్డుగది గారూ, మీరు రాసిన ఆ నిశ్శబ్దం భాగం ఒక్కటి చాలు ఆట మొదలుపెట్టడానికి. శబ్దం లేకుండా అరనిమిషం నడవాలి, వెనక ఏముందో వినపడదు. బీప్ వచ్చాక ముందు వినపడేది ఏమిటన్నది తయారీదారు ఇష్టం.

దిక్కు తెలియని శబ్దం మీద మాత్రం కాస్త భయంగా ఉంది. అడుగుల చప్పుడు ఎటు నుంచో తెలియకపోతే "సౌండ్ బగ్" అని రివ్యూలు పడతాయి. అది కెమెరా మైకు అని ఆట మొదట్లోనే తెలిసేలా చేయాలి.

---

గురితప్పనివాడు

రికార్డుగది గారూ, ఆ బీప్ మొదట్లో ఒక్కసారేనా?

---

రికార్డుగది

కాదు. రికార్డింగ్ నడుస్తున్నంతసేపూ గుర్తు చేస్తూ ఉంటుంది. మామూలు సెట్టింగ్‌లో రెండు నిమిషాలకోసారి. కెమెరా ముందువైపు ఎర్ర లైటు కూడా మెరుస్తుంటుంది. రెండూ ఆపేసే మోడ్ కూడా ఉంది, దాక్కునే పరిస్థితుల్లో వాడతారు.

---

చీకటిదీపం

రెండు నిమిషాలకోసారి బీప్!

ఇదే, ఇదే నేను వెతుకుతున్న నియమం. బీరువాలో దాక్కున్నాం, బయట అది తిరుగుతోంది. కెమెరా ఎప్పుడు కూస్తుందో మనకి మనసులో లెక్క ఉండాలి. కూసేలోపు బయటపడాలి, లేదా కూత వినపడనంత చప్పుడు ఇంకెక్కడైనా చేయాలి. మూల మీద తేదీ, సమయం ఊరికే ఉన్నాయన్నాను కదా, ఇప్పుడు వాటికీ పని దొరికింది. ఆ సెకన్లు చూసుకుంటూ దాక్కోవాలి. పాతతుపాకి గారు అడిగారే, ప్రతి గదిలో ఆట ఏం అడుగుతోందని. "ఇంకెంతసేపు ఉంది" అని అడుగుతుంది.

---

బుల్లెట్‌రాణి

బీప్ ఆపేసే మోడ్ ఆటగాడికి ఇస్తే? ఆపితే శబ్దం రాదు, కానీ రికార్డింగ్ కూడా ఆగాలి. అంటే తెర మీద ఏమీ కనిపించదు, చెవులతోనే ఆడాలి. మళ్లీ మొదలుపెడితే మొదటి బీప్ తప్పదు. పాతతుపాకి అన్న కెమెరాతో చేయడానికి పని లేదన్నారు కదా, ఇదిగో పని.

---

నిశాచరి

నిజమైన కెమెరాలో ఆ మోడ్‌లో రికార్డింగ్ ఆగదు కాబట్టి అక్కడ నిజాన్ని కొంచెం వదులుకుంటున్నాం. నాకు సమ్మతమే. ఆటకి పనికొచ్చేదైతే నిజం పక్కకి జరగొచ్చు.

---

మబ్బుతునక

ఒక్క ప్రశ్న. సరిగ్గా వినపడని ప్లేయర్ల సంగతి? బీప్ మీద ఆట మొత్తం నిలబెడితే వాళ్లు ఎలా లెక్క పెట్టుకుంటారు? ఎర్ర లైటు ఉందన్నారు కదా. బీప్‌తో పాటు ఆ వెలుగు ఎదురుగా ఉన్న గోడ మీద ఒక్కసారి పడేలా చేస్తే చాలు. తెర మీద గుర్తులు, అక్షరాలు ఏవీ అక్కర్లేదు.

---

తెరవెనుక

చేయొచ్చు, పెద్ద పని కాదు. ఛాతీ ఎత్తులో చిన్న లైటు ఒకటి పెట్టి బీప్‌తో కలపాలి. ఆ వెలుగుకి కెమెరా ఎక్స్‌పోజర్ స్పందించకుండా మాత్రం చూసుకోవాలి, లేకపోతే ప్రతి మెరుపుకీ తెర కాసేపు నల్లబడుతుంది. మెరుపులు పడనివాళ్ల కోసం వెలుగు మెల్లగా వచ్చి మెల్లగా పోవాలి. ఈ వారాంతం ఖాళీ గది ఒకటి తీసుకుని చేసి చూస్తాను. ఎవరైనా రాక్షసుడి ఏఐ రాయగలిగితే చెప్పండి. గోడ మీద వెలుగు పడితే వాడు కూడా చూడాలి కదా.

---

గురితప్పనివాడు

ఏఐ నేను రాస్తాను. వినికిడికి ఒక దూరం, చూపుకి ఒక దూరం పెట్టి మొదలుపెడదాం. తలుపు మూసి ఉంటే వెలుగు బయటికి పోదు, బీప్ మాత్రం సగం వినపడుతుంది. ప్రాజెక్ట్ ఫైల్ పెట్టగానే ఇక్కడ చెప్పండి.